మూగబోయిన గాంధారం

మా అమ్మాయి కోసం నాలుగు వేలకు పాత కీబోర్డు కొన్నాను. 61 మెట్లలో మూడు పలకవు. మోహనం ఎత్తుకుంటే మధ్య స్థాయి గాంధారం దగ్గర గుంతలో పడ్డట్టుండేది. సర్వీసు సెంటరులో విప్పి కూడా చూడలేదు. "దీనికి పార్టులు రావు సార్, కొత్తది కొనుక్కోండి" అన్నారు.

ఇంట్లోనే విప్పాను. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, టేపుతో దానికే అంటించాను. మెట్ల కింద రబ్బరు పట్టీలు, వాటి బుడిపెల లోపల నల్లటి కార్బన్ బిళ్లలు. మెట్టు నొక్కితే బిళ్ల దిగి సర్క్యూట్ బోర్డు మీది గీతలను కలుపుతుంది. మధ్యలో కాస్త దుమ్ము చేరితే చాలు, స్వరం మూగ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదితో బోర్డు తుడిచాను. బిళ్లలను మాత్రం మెత్తగా అద్దాను. గీకితే కార్బన్ పోయి అసలుకే మోసం. రెండు పలికాయి. మూడోదాని బిళ్ల అరిగిపోయింది. పై చివర ఎవరూ వాయించని పట్టీని తెచ్చి అక్కడ, అరిగినదాన్ని పై చివర బిగించాను.

కేంద్రం 2022లో 'రైట్ టు రిపేర్' (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చింది. మంచిదే. కానీ వాద్యాలకు కూడా ఓ రబ్బరు ముక్క పదేళ్లపాటు అమ్మి తీరాలని కంపెనీలకు చట్టం చెప్పాలి. ప్రస్తుతానికి మా గాంధారం పలుకుతోంది. పైస్థాయిలో ఒక మెట్టు మూగ.