చుక్కలు కలిస్తే చాలా?

"చుక్కలు కలిశాయమ్మగారూ, ఇంక చూడాల్సిందేం లేదు" అన్నాడు మేస్త్రీ. సంబంధం కుదిర్చే పెళ్ళిళ్ళ పేరయ్య కూడా సరిగ్గా ఇలాగే అంటాడు. జాతకాలు కలిశాయి, ఇంక చూడాల్సిందేం లేదు అని! తరవాత చూడాల్సినవన్నీ కాపురానికెళ్ళిన పిల్ల చూసుకుంటుంది.

ఇక్కడ కాపురానికెళ్ళాల్సింది మా మామగారి అంబాసిడర్. 1976 నాటి బండి, 1489 సి.సి. పెట్రోలింజను. ఆ కార్ల తయారీయే 2014లో ఆగిపోయింది. "తుక్కుకి అమ్మెయ్యక ఇంకా ఎందుకర్రా?" అనని చుట్టం లేడు. నాలుగేళ్ళ కిందట ఒక షెడ్డులో ఇంజను మొత్తం విప్పి కొత్త సామాను వేయించాం. బండి పెళ్ళికూతురులా ఇంటికొచ్చింది. తీరా సింహాచలం కొండెక్కుతుంటే ఆయాసపడిపోయింది. వెనకసీట్లో అత్తయ్యగారు "దిగి నడవనా?" అన్నారు. ఇంటి జమాఖర్చుల పుస్తకం నాది. లీటరుకి పదకొండు కిలోమీటర్లొచ్చే బండి ఎనిమిదికి దిగిందని అందులో అంకెలు చెబుతున్నాయి.

"టైమింగ్ చూశావా?" అని మావారు అడిగితే, "చూశా సార్" అని మేస్త్రీ డిస్ట్రిబ్యూటర్ని కాస్త తిప్పాడు. నాలుగు రోజులు బావుంది. మళ్ళీ మామూలే.

అసలు మోసమంతా ఈ ఒక్క మాటలోనే వుంది. టైమింగులు రెండు. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పేది ఒకటి. దాన్ని బయటినుంచే తిప్పి సరిచెయ్యొచ్చు. గాలీ పెట్రోలూ లోపలికొచ్చే తలుపూ, పొగ బయటికెళ్ళే తలుపూ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చెప్పేది రెండోది. ఆ తలుపులే వాల్వులు. వాటిని తెరిపించేది కామ్‌షాఫ్ట్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరగాలి. రెంటినీ ఒక గొలుసు కలుపుతుంది. చక్రాలమీద చెరో చుక్కా వుంటుంది. ఆ చుక్కలు ఎదురెదురుగా పెట్టి గొలుసు వేస్తారు. ఆపైన మూత బిగించేస్తారు. ఆ మూత కింద ఏం జరుగుతోందో మళ్ళీ ఇంజను విప్పేదాకా ఎవరికీ తెలియదు.

ఈసారి విప్పడం మా పోర్టికోలోనే, మా అబ్బాయి చేతుల్తోనే అయింది. మేస్త్రీని సలహాకి పిలిచాం. చుక్కలు కలిశాయన్నది అప్పుడే. "కొలిచి చూద్దాం" అన్నాను నేను. "నీకెందుకే ఇవన్నీ?" అన్నారు మావారు. కొండమీద బండి ఆగితే అత్తయ్యగారికి సమాధానం చెప్పేది నేను. పెట్రోలు లెక్క రాసేది నేను. మరి నాక్కాకపోతే ఇంకెవరికండీ?

చుక్కలు అబద్ధాలాడతాయని నేననను. అవి చెప్పగలిగింది కొంచెమే అంటున్నాను. కామ్‌షాఫ్ట్ చక్రానికి నలభై పళ్ళనుకోండి. ఒక పన్ను తప్పితే క్రాంకు దగ్గర 18 డిగ్రీల తేడా. అంత తప్పుని చుక్కలు పట్టిస్తాయి. దానిలో సగం తప్పుని పట్టించలేవు. గొలుసు సాగినా, చక్రాన్ని షాఫ్టుకి పట్టివుంచే కీ గాడి పిసరంత పక్కకి కోసినా, అరిగిన కామ్‌షాఫ్ట్‌కి మళ్ళీ సానపట్టించినా చుక్కలు మాత్రం ముచ్చటగా కలిసే వుంటాయి.

కొలవడం ఏమన్నా బ్రహ్మవిద్యా? పాత గ్రామఫోను రికార్డుమీద 360 డిగ్రీల కాగితం అంటించి క్రాంకు చివర బిగించాం. సైకిలు చువ్వ వంచి ముల్లుగా పెట్టాం. ముందుగా పిస్టను సరిగ్గా పైకొచ్చే చోటు తెలియాలి. కంటితో చూస్తే దొరకదు. ఉయ్యాల పైకెళ్ళి ఒక్క క్షణం ఆగినట్టుంటుందే, పిస్టనూ అంతే. అందుకని సిలిండరుమీద అడ్డంగా పట్టీ వేసి, పిస్టను కొంచెం కిందనే ఆగేలా బోల్టు బిగించాలి. ఇటునుంచి తిప్పి తగిలినచోట అంకె, అటునుంచి తిప్పి తగిలినచోట అంకె రాసుకోవాలి. రెంటికీ నడిమధ్యన వున్నదే అసలు పైచోటు.

తరవాత ఆ అడ్డం తీసేసి, గాలి వాల్వుని తెరిచే పుష్‌రాడ్డుమీద డయల్ గేజి పెట్టాలి. ఇంజను నడిచే దిక్కునే తిప్పాలి, లేకపోతే గొలుసు వదులు లెక్కలో కలుస్తుంది. ఎత్తు పూర్తయ్యేచోట కూడా ముల్లు నిలబడిపోతుంది గనక, అటూ ఇటూ సమానమైన ఎత్తు దగ్గర డిగ్రీలు చూసి సగం చెయ్యాలి. పుస్తకంలో తెరిచేది 5 డిగ్రీల ముందు, మూసేది 45 డిగ్రీల తరవాత అని వుందనుకోండి. 5, 180, 45 కలిపితే 230. అందులో సగం 115. దాన్లోంచి 5 తీసేస్తే 110. పిస్టను పైచోటు దాటిన 110 డిగ్రీలకి ఆ వాల్వు పూర్తిగా తెరుచుకుని వుండాలి. పాలవాడి లెక్క ఇంతకన్నా కష్టం!

మా బండి రావలసిన అంకెకన్నా 8 డిగ్రీలు ఆలస్యంగా వచ్చింది. చుక్కలు కలిసే వున్నాయి! తలుపు ఆలస్యంగా మూసుకుంటే, పిస్టను పైకొస్తూ పీల్చిన దాంట్లో కొంత వెనక్కి తోసేస్తుంది. కొండమీద ఆయాసం, పుస్తకంలో ఎనిమిది కిలోమీటర్లు, రెంటికీ మూలం అదే. నాలుగేళ్ళపాటు పాపం డిస్ట్రిబ్యూటరు మాట పడింది. కొంచెం పక్కకి జరిపి చేసిన ఆఫ్‌సెట్ కీ ఒకటి తెప్పించి వేశాం. మళ్ళీ కొలిచాం. సరిపోయింది.

"ఫ్యాక్టరీలో ప్రతి బండికీ ఇలా కొలిచారా?" అని మేస్త్రీ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడ అన్నీ కొత్తవి, ఒకదానికొకటి సరిపడేలా చేసినవి. మన బండిలో గొలుసు ఒక కొట్లోది, చక్రం ఇంకో కొట్లోది, కామ్‌షాఫ్ట్ సానపట్టినది. ఊరికొకరు చొప్పున కూడిన బంతిలో ఆకులు లెక్కపెట్టకుండా వడ్డిస్తామా? మేస్త్రీ చేతివాటం నాకు రాదు, ఆయన చెవి నాకు లేదు. ఒప్పుకుంటాను. కానీ చెవికి 8 డిగ్రీలు వినపడలేదన్నది కూడా ఒప్పుకోవాలి కదా!

ఈ పనికి మాకు పట్టింది ఒక మధ్యాహ్నం. చెయ్యకపోవడానికి పట్టింది నాలుగేళ్ళూ, బోలెడు పెట్రోలూ.

మీ ఇంట్లోనూ పాతబండి వుంటే, ఇంజను విప్పిన రోజున కాఫీ అందించి లోపలికెళ్ళిపోకండి. "టైమింగ్ చూశానమ్మా" అనగానే ఒక్కటంటే ఒక్కటి అడగండి: "ఏ టైమింగు నాయనా?" మూత బిగించకముందే అడగండి.