తడి చెత్త ఎటు పోతోంది?

మధ్యాహ్న భోజనాలయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల క్యాంటీన్లలో పళ్లేలు కడిగే చోట కాసేపు నిలబడితే చాలు, ఎంత అన్నం పారేస్తున్నామో కనబడుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచింది మొదలు ఈ ప్రాంతం ఎంత పెరిగిందో చెప్పనక్కరలేదు. మన సంఘాల యువతీయువకులు ఎంతోమంది ఇక్కడే ఉద్యోగాలు చేస్తున్నారు. కనుక ఇది మనకు సంబంధం లేని విషయం కాదు.

మిగిలిన అన్నాన్ని, కూరగాయల తొక్కలను గాలి చొరబడని తొట్టిలో కుళ్లబెడితే సూక్ష్మజీవుల వల్ల మీథేన్ వాయువు పుడుతుంది. ఊళ్లో గోబర్ గ్యాస్ పొయ్యి మీద వండిన మన అమ్మలకు ఇది కొత్త సంగతి కాదు. చివరికి మిగిలే ముద్ద పొలానికి ఎరువు. పొలంలో పండినది తిరిగి పొలానికే చేరుతుంది.

ఈ పని మన నగరంలోనే జరిగింది. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతిలో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దాని గురించి ప్రస్తావించారు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల గ్యాస్ వస్తాయని అప్పట్లో లెక్క చెప్పారు. విద్యుత్తు మార్కెట్ దీపాలకు, గ్యాస్ అక్కడి క్యాంటీన్ వంటకు.

అంటే టన్నుకు 50 యూనిట్లు. నిజం చెప్పాలంటే ఇది పెద్ద కరెంటేమీ కాదు. ఆ 10 టన్నులు డంపింగ్ యార్డుకు వెళ్లకపోవడమే మా దృష్టిలో అసలు లాభం.

బోయినపల్లిలో ఇది కుదరడానికి కారణం ఉంది. అక్కడ పోగయ్యేది ఎక్కువగా క్యాబేజీ ఆకులు, మెత్తబడ్డ టమాటాలే. ఆఫీసు బుట్టలోనో? సాంబారన్నంతో పాటు టిష్యూలు, కాగితపు కప్పులు, ప్లాస్టిక్ చెంచాలు, పెరుగు డబ్బాలు. ఒకసారి కలిసిపోయాక ఆ చెత్త గ్యాస్ తొట్టికి పనికిరాదు, మంటకూ సరిగా పనికిరాదు. జవహర్‌నగర్‌లో చెత్తను కాల్చి విద్యుత్తు తీసే 24 మెగావాట్ల ప్లాంటు ఉన్నమాట నిజమే. కానీ తడి చెత్తను కాల్చాలంటే అందులోని నీటిని ఆవిరి చేయడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది.

జవహర్‌నగర్ యార్డు నుంచి కారిన మురికి నీరు మల్కారం చెరువును పాడుచేసింది. చుట్టుపక్కల ఉండేవారిలో చాలామంది రెక్కాడితే గాని డొక్కాడనివారు. నగరానికి ఈ కొసన మనం వదిలేసిన అన్నం వాసనను ఆ కొసన వాళ్లు పీలుస్తున్నారు.

5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలు, సంస్థలు చెత్తను వేరు చేయాలనీ, తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలనీ 2016 నాటి నియమాలే చెప్పాయి. పెద్ద కంపెనీలకు ఇది భరించలేని ఖర్చేమీ కాదు. అయితే ప్లాంటు ఉంది కదా అని అన్నం పారేయడం తగదు. తినదగినది ముందు ఆకలిగొన్నవారికి చేరాలి, తొట్టికి పోవలసింది ఆ తరువాతే.

ఆఫీసులను అనే ముందు మన ప్రేమ విందుల మాటేమిటి? బిర్యానీ, థర్మాకోల్ పళ్లేలు, నీళ్ల సీసాలు, అన్నీ ఒకే సంచిలో. ఆ సంచి విప్పి, చేతులతో ఏరేది పారిశుద్ధ్య కార్మికులు. ఈ క్రిస్మస్‌కు భోజనాల బల్ల పక్కన రెండు డబ్బాలు పెట్టి, ఏది ఎందులో వేయాలో చెప్పడానికి ఒక సంఘ పెద్దను అక్కడ నిలబెట్టవచ్చు.