మైకు ముందు మన తెలుగు

మన ఊళ్ళ ఉగాది సభల్లో వక్త నోట వచ్చే మొదటి మాట క్షమాపణ. "నా తెలుగు అంత బాగుండదు, మన్నించాలి" అంటాడు. ఆపైన జేబులోంచి కాగితం తీసి, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషను తలెత్తకుండా చదువుతాడు. జనం గడియారాలు చూసుకుంటారు. దీనికి సభాకంపమని పేరు పెట్టాం. నేనొప్పుకోను. ఇది యాస గురించిన సిగ్గు.

నేను బరంపురంలో బ్యాంకు ఆఫీసర్ని. అప్పు మీద వడ్డీ లెక్కను రైతుకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పే మా తెలుగు గుమాస్తాలు మైకు ముందు మూగబోతున్నారు. కౌంటరు దగ్గర వాళ్ళ చూపు ఎదుటిమనిషి మొహం మీద ఉంటుంది. వేదికెక్కితే తమ తప్పుల మీద.

"ప్రామాణిక భాష రావద్దా?" అంటారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) పంతులుగా పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచీ మన ఒడిశాలోనే ఉంది. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న సభ పెట్టి, అక్కడే మనింటి మాటకు సిగ్గుపడటం ఏం న్యాయం?

కాగితం మీద నాలుగు ముక్కలే రాసుకోండి. మొదటి వాక్యం ఇంట్లో పదిసార్లు పైకి అనుకోండి. వెనకవరసలో కూర్చున్న మామ్మగారిని చూసి చెప్పండి. ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వండి. క్షమాపణ మాత్రం వద్దు.