ఏ కోట్లలో నొక్కడు?

నేరస్థలమున దొరకిన నెత్తుటిమరకయు ముద్దాయి నెత్తురును సరిపోయినవనియు, ఇట్టి పోలిక కోట్లమందిలో నొక్కనికిగాని కుదురదనియు పరీక్షకులు నివేదించినంతనే వాదము ముగిసినట్లు పలువురు తలంచుచున్నారు. 1984లో ఇంగ్లండునందలి లెస్టరు విశ్వవిద్యాలయమున ఆలెక్ జెఫ్రీసు కనిపెట్టిన యీ డి.ఎన్.ఎ. విద్యయెడ మాకు గౌరవము కలదు. గుర్తులు సరిపడనిచో నిర్దోషి విముక్తుడగును. ఈ యుపకారము సామాన్యమైనది కాదు. సరిపడినప్పుడే చిక్కు. ఆ కోట్లమంది యెవరు?

పరీక్షకులు డి.ఎన్.ఎ. నంతయు చదువరు. పదునైదో యిరువదియో తావులను మాత్రము చూచి, ఒక్కొక్క తావునందలి గుర్తు జనులలో నెందరికుండునో ఆ భిన్నములను వరుసగా హెచ్చవేయుదురు. మరక చెడి నాలుగు తావులే తేలినవనుకొందము. ఒక్కొక్క గుర్తు పదుగురిలో నొకని కున్నయెడల, నాలుగును గలవాడు 10,000 మందిలో నొక్కడు. ఆ గుర్తులే యొక చిన్న కులములో నయిదుగురిలో నొకని కున్నచో 625 మందిలో నొక్కడు. ఆ కులమువారే నిండియున్న మూడువేల జనముగల యూరిలో అట్టివారు నలుగురైదుగు రుండవచ్చును. ఉరికంబమునకును ఇంటికిని నడుమ నీ లెక్కయే నిలిచియున్నది!

అమెరికాలో లెవాంటిను, హార్టులు 1991లోనే యీ యాక్షేపణమును లేవదీసిరి. పెద్ద రగడ జరిగెను. తుదకు 1996లో అచ్చటి జాతీయ పరిశోధన మండలి, సామాన్యజనమునకు 0.01, విడివడియున్న చిన్న తెగలకు 0.03 చొప్పున సవరణ చేయుమని చెప్పెను.

మన దేశమున నీ జాగ్రత్త యంతకంటె నవసరము. 2017లో వెలువడిన యొక పరిశోధనమున హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును పాల్గొనిరి. దక్షిణాసియాలోని 263 సమూహములను చూడగా, కొలదిమంది పూర్వుల సంతతియే పెరిగి కులమైన లక్షణము 81 సమూహములలో ఫిన్లండు జనులకంటెను అధికముగా గానవచ్చెను. మన వైశ్యులలో నట్టి లక్షణము నూరు తరములకు పూర్వము నుండియు గలదని 2009లోనే తేలినది. మేనరికములు దీనికి దోడు.

కులమునుబట్టి నేర మంటగట్టుమని మా తాత్పర్యము గాదు. ఆ మరకను విడిచియుండగల యితరులెవ్వరో, వారిలో ఆ గుర్తులెంత తరచుగా నుండునో చెప్పుమనియే మేము కోరుట. ఏ జనుల లెక్కను వాడిరో, ఏ సవరణ చేసిరో, ముద్దాయి యన్నదమ్ములను జ్ఞాతులను గూర్చి యాలోచించిరో లేదో నివేదికలో వ్రాయవలెను. డి.ఎన్.ఎ. నివేదిక నిపుణుని యభిప్రాయమేయనియు, దాని విలువ కేసునుబట్టి మారుననియు 2019లో పట్టు రాజన్ కేసున సుప్రీంకోర్టు నుడివినది. ఆ యేటనే లోకసభలో ప్రవేశపెట్టిన డి.ఎన్.ఎ. బిల్లు 2023లో ఉపసంహరింపబడినది. మరల తెచ్చునప్పుడు ఈ యంశములను శాసనముననే చేర్పవలెను. అంతవరకు క్రాసు పరీక్షలో వకీలు అడుగవలెను. మంచి వకీలును పెట్టుకొనలేని ముద్దాయి విషయమున న్యాయాధిపతియే యడుగవలెను.