ఆంగ్లంతో చెలిమి: ‘చేయగలగడం’ వేరు, ‘చేయడం’ వేరు



ఆంగ్లం నేర్చుకొనే తొలిదశలోనే మనకు పరిచయమయ్యే చిన్న మాట ‘కెన్’. ‘నేను చేయగలను’ అని చెప్పుకొనడానికి ఇంతకంటె సులభమైన మాట లేదు. దీని జతగాడు ‘కుడ్’. ఈ రెండూ చేరలేని చోట వాటికి బదులుగా వచ్చేది ‘బి ఏబుల్ టు’. చూడడానికి ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. అయితే ఒకదాని చోట మరొకదానిని వాడితే పరీక్షలో మార్కు పోవడంతోనే కథ ముగియదు. ఈ సంగతి నాకు బోధపరచినది వ్యాకరణ గ్రంథం కాదు, ఒక లాగ్ బుక్.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇంజనీరును. ఒక కర్మాగారంలో సి షిఫ్టులో ఉండగా వేడినీటి పంపు ఒకటి మొరాయించింది. దాని సక్షన్ వాల్వును నడిపే మోటారు పనిచేయడం లేదు. చేతిచక్రాన్ని రెండు చుట్లు త్రిప్పి చూశాను. సులువుగానే తిరిగింది. అవసరమైతే చేతితో మూయవచ్చునని నిర్ధారణ చేసుకొని, చక్రాన్ని యథాస్థానానికి తెచ్చి, లాగ్ బుక్‌లో ఇలా వ్రాశాను: “ది సక్షన్ వాల్వ్ కుడ్ బి క్లోజ్డ్ బై హ్యాండ్ వీల్.” ఉదయం సంతకం చేసి ఇంటికి వెళ్ళిపోయాను.

ఎ షిఫ్టులో వచ్చిన ఫిట్టరు అనుభవజ్ఞుడు, నాకంటె ఇరవై ఏండ్లు పెద్దవాడు. నా వాక్యాన్ని ఆయన ‘చేతిచక్రంతో వాల్వును మూయగలిగాము’ అని అర్థం చేసుకొన్నాడు. స్ట్రెయినరు శుభ్రపరచడానికి మూత బోల్టులు విప్పనారంభించాడు. రెండవ బోల్టు వదులు కాగానే వేడినీరు చిమ్మింది. ఆయన చప్పున ప్రక్కకు తొలగడం వలన ముంజేతిపై బొబ్బలతో బయటపడ్డాడు.

మరునాడు పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన నన్ను నిందించలేదు. “మీరు మూశామనే కదా వ్రాశారు, సార్?” అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకు నావద్ద సమాధానం లేకపోయింది. వాల్వును స్వయంగా తాకి చూడకపోవడం, ట్యాగు లేకుండా పని మొదలుపెట్టడం కూడ పొరపాట్లే. ఆ గొలుసులో మొదటి లంకె మాత్రం నా వాక్యమే.

ఆ వాక్యంలో దోషమెక్కడ ఉన్నది? ‘కుడ్ బి క్లోజ్డ్’ అన్న మాటకు ఒకటి కాదు, మూడు అర్థాలు స్ఫురిస్తాయి. మూయడానికి వీలున్నది అని ఒకటి. బహుశః మూసి ఉండవచ్చు అని మరొకటి. మూయగలిగారు, అనగా మూసివేశారు అని వేరొకటి. నేను మొదటి అర్థంలో వ్రాశాను, ఆయన మూడవ అర్థంలో చదివాడు. తెలుగు మాతృభాషగా గలవారికి ఆ మూడవ అర్థమే ముందుగా తట్టడం సహజం. ఎందుకో చూద్దాము.

తెలుగులో గతకాలపు సామర్థ్యాన్ని చెప్పడానికి రెండు రూపాలున్నాయి. “చిన్నతనంలో నేను ఈ కాలువను ఈదగలిగేవాణ్ణి” అన్నప్పుడు ఆ కాలమంతా నాకు ఆ శక్తి ఉండేదని అర్థం. ఒకానొక దినాన ఈదానని అందులో లేదు. “నిన్న వరదలో కూడ కాలువను ఈదగలిగాను” అంటే శక్తితోబాటు పని కూడ జరిగినదని అర్థం. ఆంగ్లం కూడ సరిగా ఈ తేడానే పాటిస్తుంది. మొదటిదానికి “ఐ కుడ్ స్విమ్” అంటారు. రెండవదానికి “ఐ వాజ్ ఏబుల్ టు స్విమ్” అనో “ఐ మేనేజ్డ్ టు స్విమ్” అనో అంటారు. మనమేమో రెండింటికీ ‘కుడ్’నే తగిలిస్తాము.

కాబట్టి అనుమానం వచ్చినప్పుడు వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకొని చూడండి. ‘గలిగేవాణ్ణి’, ‘గలిగేదాన్ని’, ‘గలిగేవారు’ అని వస్తే ‘కుడ్’ వాడండి. ‘గలిగాను’, ‘గలిగాము’ అని వస్తే ‘వాజ్ ఏబుల్ టు’, ‘వర్ ఏబుల్ టు’ వాడండి. ఈ విషయంలో మన భాష మనకు అడ్డంకి కాదు, అక్కరకు వచ్చే కొలబద్ద.

ఈ సూత్రానికి రెండు మినహాయింపులు గుర్తుంచుకొనదగినవి. వ్యతిరేకార్థంలో ఈ భేదం చాలవరకు సమసిపోతుంది. “నిన్న రాలేకపోయాను” అనడానికి “ఐ కుడ్ నాట్ కమ్” అన్నది నిర్దుష్టమైన వాక్యం. రెండవది, చూడడం, వినడం, వాసన తెలియడం వంటి ఇంద్రియ సంబంధమైన క్రియలతో ఒక్కసారి జరిగిన దానికి కూడ ‘కుడ్’ వాడతారు. “ఐ కుడ్ స్మెల్ గ్యాస్” అంటే నాకు గ్యాసు వాసన తెలిసిందనే అర్థం.

ఇక భవిష్యత్తు సంగతి. మన ‘గలను’ వర్తమానానికీ భవిష్యత్తుకూ చెల్లుతుంది. ‘కెన్’కు ఆ వెసులుబాటు కొంతవరకే ఉన్నది. “రేపు రాగలను” అని ఇప్పుడే నిశ్చయించి చెప్పేటప్పుడు “ఐ కెన్ కమ్ టుమారో” అనవచ్చు. కాని ఇప్పుడు లేని శక్తి మున్ముందు రానున్నప్పుడు, ఉదాహరణకు “శిక్షణ ముగిశాక అతడు క్రేను నడపగలుగుతాడు” అన్నప్పుడు, “హి విల్ బి ఏబుల్ టు ఆపరేట్ ద క్రేన్” అనాలి. ‘విల్ కెన్’ అన్న ప్రయోగం ఆంగ్లంలో లేదు.

మనలో చాలమంది నోట వినవచ్చేది ‘కెన్ ఏబుల్ టు’. ‘కెన్’ అన్నా ‘ఏబుల్’ అన్నా సామర్థ్యమే. ఒక తాళానికి ఒకేసారి రెండు చెవులు పెట్టి త్రిప్పడం వంటిది ఈ ప్రయోగం. అలాగే ‘కెన్’ తర్వాత ‘టు’ రాదు. కర్త ‘హి’ అయినా ‘షి’ అయినా ‘కెన్’ చివర ‘స్’ చేరదు. “హి కెన్ వెల్డ్” అన్నది చాలు.

‘కెన్’ అన్న మాటకు ప్రాచీన ఆంగ్లంలో అర్థం ‘తెలియడం’. తెలిసినవాడు చేయగలడు గనుక క్రమంగా సామర్థ్యార్థం స్థిరపడినది. మనం “నాకు ఈత వచ్చు” అంటాము. రావడమనే క్రియ మనకు నేర్పును తెలిపినట్లే, తెలియడమనే క్రియ వారికి శక్తిని తెలిపినది. “మీరు వెళ్ళవచ్చు” అని అదే ‘వచ్చు’తో మనం అనుమతి ఇస్తాము. వారు కూడ “యూ కెన్ గో” అని అదే ‘కెన్’తో అనుమతి ఇస్తారు. ఇక ‘కుడ్’ వ్రాతలో కనబడి పలుకులో వినబడని ‘ఎల్’ అక్షరం పూర్వం ఆ మాటలో లేనే లేదు. ‘వుడ్’, ‘షుడ్’ అనే మాటల వ్రాతను చూసి తర్వాతి కాలంలో చేర్చినది. దానిని పలకనక్కర లేదు.

వ్రాతలోనే కాదు, పలుకులోనూ జాగ్రత్త అవసరం. మనం ‘కెన్’, ‘కెన్ట్’ అని పలికేటప్పుడు రెండింటి నడుమ తేడా చివరి ‘ట్’ ఒక్కటే. యంత్రాల రొదలో, వాకీటాకీలో ఆ ఒక్క శబ్దం ఎగిరిపోతే ‘చేయలేను’ అన్నది ‘చేయగలను’ అయి కూర్చుంటుంది. విమానయానంలో పైలట్లు తమకిచ్చిన ఆదేశాన్ని పాటించలేనప్పుడు ‘అనేబుల్’ అనే పూర్తి మాటను వాడడం అంతర్జాతీయ నియమం. మనం కూడ పని వేళల్లో ‘కెనాట్’ అని విడమరచి పలకడం శ్రేయస్కరం.

ఎదుటివారిని మర్యాదగా ఒక పని చేయమని కోరేటప్పుడు “కుడ్ యూ ప్లీజ్ చెక్ ద రీడింగ్?” అంటారు. అక్కడ ‘కుడ్’ గతకాలాన్ని కాదు, వినయాన్ని సూచిస్తుంది. దానికి జవాబు “ఎస్, ఐ కుడ్” అని కాక “ఎస్, ఐ కెన్” అని గాని “సర్టెన్లీ” అని గాని చెప్పాలి.

మరి ఆ లాగ్ బుక్‌లో నేను ఏమని వ్రాసి ఉండవలసినది? “ద వాల్వ్ ఈజ్ ఓపెన్. ఇట్ కెన్ బి క్లోజ్డ్ బై హ్యాండ్ వీల్.” ఉన్న స్థితి ముందు, ఉన్న వీలు తర్వాత. మూసివేసి ఉంటే “వి క్లోజ్డ్ ద వాల్వ్” అన్న నాలుగు మాటలు చాలును. అందులో ‘కుడ్’కు గాని ‘ఏబుల్’కు గాని పని లేదు. జరిగిన పనిని జరిగినట్లు, జరగనిదానిని జరగనట్లు చెప్పే వాక్యమే షాపు ఫ్లోరులో మంచి ఆంగ్లం. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి షిఫ్టులో, సంతకం చేసే ముందు నా వ్రాతలో ‘కుడ్’ ఎక్కడ ఉన్నదో వెదకి చూసుకొనడం అలవాటు చేసుకొన్నాను.

ఈ మాసపు అభ్యాసం పిల్లలతో కలిసి చేయండి. ఈ క్రింది వాక్యాలను ఆంగ్లంలో చెప్పండి.

1. మా తాతగారు యౌవనంలో ఇరవై మైళ్ళు నడవగలిగేవారు.
2. నిన్న రాత్రి అరగంటలో జనరేటరును నడిపించగలిగాము.
3. వచ్చే మాసానికి మా అమ్మాయి స్కూటరు నడపగలుగుతుంది.
4. నిన్న నేను సమావేశానికి రాలేకపోయాను.
5. ఆమెకు టైపు వచ్చు.

జవాబులలో వాడవలసిన క్రియారూపాలు: 1. కుడ్ వాక్. 2. వర్ ఏబుల్ టు స్టార్ట్. 3. విల్ బి ఏబుల్ టు రైడ్. 4. కుడ్ నాట్ కమ్. 5. కెన్ టైప్.

అయిదింటికి అయిదూ సరిపోయినవారికి నా అభినందనలు. రెండవది తప్పినవారు చింతింపనక్కర లేదు. నేను కూడ తడబడినది అక్కడే. వచ్చే సంచికలో ‘మస్ట్’, ‘షుడ్’ అనే మాటల నడుమ గల అంతరాన్ని ముచ్చటించుకొందాము. అంతవరకు సెలవు.