ఒంటరి ప్రయాణానికి ఏ ఊరు?

ఐరోపాకు ఒంటరిగా వెళ్ళదలచిన యువతీయువకులు పేరుపడిన నగరాలనే ఎన్నుకోవడం పరిపాటి అయింది. పది రోజులలో పది నగరాలు తిరిగినవారు చూసేది రైల్వేస్టేషన్లనే! టమాటా పంట అమ్మి తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ము అందుకు వెచ్చించాలా? తోడులేని యాత్రికునికి కావలసినది తనతో ఏదో ఒక సంబంధమున్న చోటు. కలకడ విద్యార్థికి అట్టి చోట్లు లేకపోలేదు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తనను అధిపతిగా నిలిపిన సంస్థను 1929లో నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో స్వయంగా రద్దుచేశారు. 1961 నుండి 1985 వరకు స్విట్జర్లాండ్‌లోని సానెన్ అనే కొండపల్లెలో వేసవి ప్రసంగాలు చేశారు. ఆ మాటలు చదివి వెళ్ళినవారికి అక్కడి నిశ్శబ్దం కూడా పరిచితమే అనిపిస్తుంది. ఈ రెండు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది. ఎక్కువ దినాలు గడపదలచిన దేశానికే దరఖాస్తు చేసుకోవాలి. పారిస్‌ను మరొకసారి చూడవచ్చును.