సాగునీటి సలహా వెనుక ఉన్న కోడ్ బహిరంగం కావాలి

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలో భూగర్భ జలాల నాణ్యత, తండాలలోని మూత్రపిండాల వ్యాధి చాలా కాలంగా చర్చలో ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో బోరు నీరు సాగుకు యోగ్యమా, కాదా అన్నది రైతుకు చిన్న ప్రశ్న కాదు. నీటి పరీక్ష ఫలితాలను సలహాగా మార్చే ప్రోగ్రామ్‌ను నేడు ఒక విద్యార్థి సైతం రాయగలడు. అయితే అది ఒకే కంప్యూటర్‌లో ఉండిపోతే, దానిలోని దోషమూ అక్కడే దాగి ఉంటుంది.

ఒక లెక్కను పరిశీలించవచ్చు. లీటరు నీటిలో బైకార్బొనేట్ 305, కాల్షియం 40, మెగ్నీషియం 24 మిల్లీగ్రాములు ఉండి, కార్బొనేట్ లేదనుకుందాం. తుల్యభారాలతో భాగిస్తే ఇవి వరుసగా 5, 2, 2 మిల్లీ ఈక్వివలెంట్లు. రెసిడ్యువల్ సోడియం కార్బొనేట్ విలువ 1, 1.25 కంటే తక్కువ గనుక ఈ ప్రమాణం ప్రకారం నీరు సురక్షితం. ప్రోగ్రామ్‌లో కాల్షియం, మెగ్నీషియంలకు తుల్యభారానికి బదులు పరమాణు భారం వాడితే అదే విలువ 3 అవుతుంది, 2.5 దాటినందున ఆ నీరు పనికిరాదని తేలుతుంది. తెరపై కనిపించే సలహాలో ఈ పొరపాటు తెలియదు, కోడ్ చదివినవారికే తెలుస్తుంది. ఈ సూచిక తాగునీటి యోగ్యతను తేల్చదన్న హెచ్చరిక కూడా ప్రోగ్రామ్‌లోనే ఉండాలి.

అందుకే కోడ్‌ను ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచడం అవసరం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ ప్రతి మార్పునూ పేరు, తేదీలతో నమోదు చేస్తుంది. స్థానిక ఫోల్డర్‌ను గిట్ కిందికి తెచ్చి, ఫైళ్లను చేర్చి, కమిట్ చేసి, గిట్‌హబ్ వంటి భాండాగారానికి పుష్ చేయడం ఒక పూటలో నేర్వదగిన పని. పంటల అనుకరణ నమూనా డిఎస్ఎస్ఏటి మూల కోడ్ కూడా ఇలాగే అందరికీ అందుబాటులో ఉంది.

అసంపూర్ణమైన పనిని బయటపెట్టడం ఎలా అన్న సంకోచం సహజమే. కానీ అసంపూర్ణమైన కోడ్ కంటే, ఎవరూ పరిశీలించని కోడ్ ఆధారంగా ఇచ్చే సలహాయే ఎక్కువ ప్రమాదకరం.

కోడ్ బహిరంగం కావాలంటే రైతు వివరాలు కూడా బహిరంగం కావాలని అర్థం కాదు. చిన్న తండాలో పేరు తొలగించినా, సర్వే నంబరుతోనో బోరు ఉన్న చోటుతోనో కుటుంబాన్ని గుర్తించవచ్చు. ఒకసారి పుష్ చేసిన ఫైలును తర్వాత తొలగించినా, పాత కమిట్‌లలో అది నిలిచే ఉంటుంది. కనుక సమాచార ఫైళ్లను, పాస్‌వర్డ్‌లను తొలి కమిట్‌కు ముందే గిట్‌ఇగ్నోర్ జాబితాలో చేర్చాలి. పరీక్షకు కల్పిత విలువలనే ఉంచాలి. లైసెన్స్ జతచేయకపోతే, కోడ్ కనిపించినా దానిని తిరిగి వాడుకునే హక్కు ఇతరులకు లభించదు.

స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసాలలో ప్రోగ్రామ్ వాడినప్పుడు కోడ్ చిరునామా, లైసెన్స్, ప్రమాణాలను వివరించే తెలుగు రీడ్‌మీ, సరిచూసుకునేందుకు నమూనా లెక్క తప్పనిసరి చేయడం వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు భారం కాబోదు. విస్తరణ శాస్త్రవేత్త రైతుకు సలహా చెప్పే ముందు ఆ లెక్కను తానే సరిచూసుకోగలగాలి.